చెత్తతో పెట్టిన కొలువు

పెడన వైపు మనిషి ఎవరైనా కనబడితే ఇప్పటికీ ఆ బొమ్మల కొలువు మాట ఎత్తుతారు. "ఏం పెట్టావమ్మా ఆ ఏడాది! వీధి వీధంతా మెట్లెక్కి కూర్చుందనుకో" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు మెచ్చుకునే ఆ కొలువులోనే, ఒక ఆడమనిషి ఇల్లు వదిలి పారిపోవడానికి గుట్టుగా వేసుకున్న దారిని నేను నలుగురికీ కనబడేలా నిలబెట్టాను. తెలిసి చేశావా, తెలియక చేశావా అని అడిగితే, ఈ వయసులో అబద్ధమెందుకు, సగం తెలిసే చేశాను.

తొంభైల చివరి సంగతి. మాది మగ్గం ఇల్లు. నాన్న లోపలి గదిలో గుంటమగ్గం మీద నేసేవాడు. ఇంటరు తప్పిన నేను వీధి గదిలో కిటికీ పక్కన రాట్నం ముందేసుకుని కండెలు చుట్టేదాన్ని. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు గొట్టం. నాన్న మగ్గం ఎన్ని మింగితే అన్ని చుట్టి పడెయ్యాలి. పొద్దున్న కూర్చుంటే మళ్ళీ దీపాల వేళకి లేవడం. ఆ పనికి చేతులు చాలు, కళ్ళతో పనిలేదు. అందుకని కళ్ళు ఎప్పుడూ వీధిలోనే ఉండేవి.

చూసినదంతా ఒక పాత నోటుపుస్తకంలో రాసేదాన్ని. ఎవరు ఎన్నింటికి వెళ్ళారు, ఏం చీర, చేతిలో ఏం సంచి, ఎవరింటి ముందు ఎవరు ఎంతసేపు నిలబడ్డారు. ఎందుకే ఈ రాత అని మా నాయనమ్మ తిట్టేది. "వీధిలో వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు నీకెందుకే, నీ దుంపతెగ!" అనేది గానీ, సాయంత్రం పక్కన చేరి "ఇవాళ ఆ మూలింటావిడ ఎక్కడికే పోయింది?" అని అడిగేది కూడా ఆవిడే. పరీక్ష పోయాక నా చేత ఏదీ కాదని ఇంట్లో తేల్చేశారు. ఇదొక్కటి మాత్రం నాకు బ్రహ్మాండంగా వచ్చేది.

మా ఎదురింట్లో భార్యాభర్తలిద్దరే. పిల్లల్లేరు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆవిడని పిన్నీ అని, ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఆయన గుడ్లవల్లేరులో రైసుమిల్లు గుమాస్తా. పొద్దున ఎనిమిదింటి బస్సుకి వెళ్ళి ఆరు దాటాక వచ్చేవాడు. ఎప్పుడు చూసినా ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. కుక్కని అదిలించినా మర్యాదగా అదిలించే మనిషి. పిన్ని నాకు జాకెట్టు కత్తిరించడం నేర్పింది. తను చదివేసిన వారపత్రికలు కిటికీలోంచి నా ఒళ్ళో పడేసేది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నా తల దువ్వి నన్నో మనిషిలా చూసింది ఆవిడే.

ఆ ఇంట్లోంచి కొన్ని సాయంత్రాలు పళ్ళెం పడ్డ చప్పుడు వచ్చేది. ఆ తర్వాత ఇంకేమీ వినబడేది కాదు, అదే భయం. అరుపైనా ఏడుపైనా ఉంటే కాస్త నయం. ఆ చప్పుడు రాగానే మా నాన్న ఇంకా గట్టిగా నేసేవాడు. నాయనమ్మ లేచి కిటికీ తలుపు ఒక రెక్క వేసేది. "మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకు" అనేది. మర్నాడు పిన్ని చేయి పైట కిందే ఉండేది. వీధి మొత్తానికీ తెలుసు. నేను పుస్తకంలో "శనివారం, పళ్ళెం" అని రాసుకునేదాన్ని. అంతకన్నా ఏం చెయ్యాలో నాకు తోచేది కాదు, తోచినా చేసేదాన్ని కాదేమో.

ఆ వేసవి వెళ్ళాక ఒక కొత్త సంగతి కనిపెట్టాను. ప్రతి మంగళవారం, ఆయన బస్సెక్కిన రెండు గంటలకి, పిన్ని ఒక గుడ్డసంచి పైట చాటున పెట్టుకుని స్టేషను వైపు వెళ్ళేది. మూడు దాటాక తిరిగొచ్చేది. వస్తూ వస్తూ మా ఇంటి పక్క అద్దకం షెడ్డు దగ్గర ఒక్క క్షణం ఆగి, అచ్చు చెడిపోయిన గుడ్డపీలికలూ ఎండిన రంగుముద్దలూ పారబోసే గుట్టలోకి ఏదో విసిరి ఇంట్లోకి పోయేది. ఊరుకుంటానా? సాయంత్రం వెళ్ళి వెతికాను. రైలు టికెట్. అప్పట్లో ఇచ్చే చిన్న అట్టముక్క, ఒక చివర తేదీ గుచ్చి ఉండేది. గుడివాడ నుంచి పెడన. ఇంట్లో ఉంచుకోవడానికి భయపడి అక్కడ పారేసేదని నాకు అప్పుడు తట్టలేదు. దాచుకున్నాను. తర్వాతి మంగళవారం ఇంకోటి దొరికింది.

ఇక కొలువు సంగతి. మా అమ్మ బొమ్మలన్నీ మట్టివి. ఒకసారి తుఫాను నీళ్ళు ఇంట్లోకొచ్చినప్పుడు పెట్టెలోనే కరిగి ముద్దయ్యాయి. అప్పటినుంచీ దసరాకి మా ఇంట్లో మెట్లు కట్టింది లేదు. ఆ ఏడాది నాయనమ్మ సణుగుడు భరించలేక, "కొనకుండా నేనే పెడతా చూడు" అన్నాను. చెయ్యడానికి ఏముంది మా దగ్గర? పగిలిన కండెలు, షెడ్డు పక్క గుడ్డపీలికలు. అప్పుడొచ్చింది ఆ పాడు ఆలోచన. వీధినే కొలువు పెడితే?

రెండు నెలలు ఏరాను. ఎవరు పారేసింది వాళ్ళ బొమ్మకే. కండె ఒళ్ళు, గుడ్డ తల, మొహాలకి కళ్ళూ ముక్కూ ఏమీ పెట్టలేదు. ఆర్‌ఎంపీ డాక్టరుగారికి ఖాళీ ఇంజక్షన్ సీసాల దండ. కిరాణా కొట్టాయనకి కాల్చి పారేసిన బీడీల మీసం. మూలింటావిడకి కత్తిరించిన పాలప్యాకెట్ల చీర. అద్దకం మేస్త్రికి చీలిపోయిన టేకు అచ్చు ముక్క వీపుకి కట్టాను. ఒక్కో బొమ్మ ముందూ చిన్న కాగితం, దాని మీద నా పుస్తకంలోంచి వారం, గంట మాత్రమే. పేర్లు లేవు. అక్కర్లేదు కూడా, ఏది ఎవరో పసిపిల్లలు కూడా చెప్పేస్తారు.

పిన్ని బొమ్మ మీద నాకు అన్నిటికన్నా ప్రేమ. ఆవిడ జాకెట్టు కత్తిరించగా మిగిలిన నెమలికంఠం రంగు ముక్క చుట్టాను. తొమ్మిది టికెట్లు వరసగా అతికించి కుచ్చిళ్ళు చేశాను. బొమ్మ ఆ కుచ్చిళ్ళ మీదే నిలబడింది. ముందు కాగితం మీద "మంగళవారం, పది" అని రాశాను. ఆయన ఎలాంటి మనిషో తెలుసు, ఆయన లేనప్పుడే ఆవిడ వెళ్తుందనీ తెలుసు. రెండూ కలిపి ఆలోచించానా? లేదు. బొమ్మ బాగా కుదిరిందన్న సంబరంలో ఉన్నాను.

పాడ్యమి నాడు ఐదు మెట్ల మీద తెల్లపంచె పరిచి అన్నీ పెట్టాను. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు మొదటిరోజు పడీపడీ నవ్వారు. "అమ్మ దొంగా! మీసం అచ్చు ఆయనదేనే!" అని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. రెండోరోజు మళ్ళీ వచ్చారు. ఈసారి నవ్వు తగ్గి కాగితాలు చదవడం ఎక్కువైంది. మూలింటావిడ శనగలు తీసుకుంటూ, "మా ఇంట్లో ఎన్ని పాలప్యాకెట్లు వాడతామో నీకెందుకే?" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు. మూడోరోజు పొద్దున్నే చూస్తే వీధిలో ఒక్క కాగితం ముక్క లేదు. ఎవరింటి చెత్త వాళ్ళు పెరట్లో తగలబెట్టుకుంటున్నారు. ఎన్నడూ లేనిది వీధి తుడిచిపెట్టినట్టుంది, గుమ్మాల్లోంచి అందరూ నా కిటికీ వైపు చూస్తున్నారు. ఆ చూపులు నాకు గొప్పగా అనిపించాయి, అదీ నా తెలివి.

ఆ సాయంత్రమే పిన్ని వచ్చింది. ఆవిడ మెప్పు కోసమే ఎదురుచూస్తున్నాను. డాక్టరు బొమ్మ చూసి నవ్వింది. తన బొమ్మ దగ్గరికొచ్చి ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, తేదీలు చదువుకుంటోంది. బొట్టు పెట్టించుకుంది, శనగలు కొంగులో వేయించుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి నా మణికట్టు పట్టుకుంది.

"ఆ టికెట్లు తీసెయ్యవే అమ్మాయ్."

"ఏం పిన్నీ, బాలేదా?"

"బాగుంది. తీసెయ్." గొంతు తగ్గించింది. "గుడివాడలో మిషను కుట్టు నేర్చుకుంటున్నా. ఇంకో నెల్లో వాళ్ళే పనిస్తారు, ఉండటానికి గదిస్తారు. వెళ్ళిపోతున్నానే. ఈలోపు ఆయనకి తెలిస్తే నన్ను చంపేస్తాడు."

చంపేస్తాడు అనే మాట మా వీధిలో రోజుకి పదిసార్లు వినబడేది. పాలు పొంగిపోయినా అంటారు. ఆవిడ అలా అనలేదు. రేపు వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది. "ఇప్పుడే తీసేస్తా పిన్నీ, నా మీద ఒట్టు" అన్నాను.

వెనక్కి వచ్చి చెయ్యి పెట్టబోయేసరికి నాయనమ్మ కేకేసింది. "ఓసి నీ అఘాయిత్యం కూలా! కొలువు మధ్యలో బొమ్మని దించుతావా? దశమి నాడు పడుకోబెట్టిందాకా కదపకూడదు. అందులో అది ముత్తయిదువ బొమ్మ. దించావంటే ఆ ఇంటికే అరిష్టం."

కొలువు కట్టే ఇళ్ళల్లో అది పాటించే మాటే. నాకూ భయమేసింది. పోనీ టికెట్లయినా పీకుదామంటే బొమ్మ కూలబడుతుంది, అదీ దించినట్టే. ఇలా చెప్తే నాయనమ్మ తప్పయిపోతుంది. కాదు. ఐదోరోజున హైస్కూలు హెడ్మాస్టరుగారు బందరు నుంచి డ్రాయింగు మాస్టారిని వెంటబెట్టుకుని వస్తానని కబురు పెట్టారు. అంతమందిలో నాకు బాగా కుదిరింది ఆ బొమ్మే. వాళ్ళు చూసి వెళ్ళాక తీసేద్దాంలే అనుకున్నాను. పేరంటానికి మగవాళ్ళు వస్తారా ఏమన్నా, ఆయన మా గడప తొక్కడుగా అనుకున్నాను. బొమ్మని కొంచెం పక్కకి తిప్పి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున పిన్ని తన గుమ్మంలో ముగ్గు వేస్తూ తలెత్తింది. తీశావా అన్నట్టు చూసింది. తీశానన్నట్టు తలూపాను.

హెడ్మాస్టరుగారు వచ్చారు. డ్రాయింగు మాస్టారు ఒక్కో బొమ్మ దగ్గరా వంగి వంగి చూసి, "పట్నంలో అయితే దీన్ని పెద్ద హాల్లో పెట్టి జనానికి చూపిస్తారమ్మా" అన్నారు. నెమలికంఠం బొమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. నేను నేల మీద లేను. వాళ్ళు వెళ్తూ టీకొట్టు దగ్గర ఆగి, ఇంత మంచి పని ఆడవాళ్ళే చూడాలా, మీరూ వెళ్ళి చూడండయ్యా అని చెప్పారట. ఆ మాట ఆ పూటే మా ఇంటికి చేరింది. అప్పుడైనా లేచి తీసి ఉండాల్సింది. రేపు పొద్దున తీస్తానని పడుకున్నాను.

మర్నాడు ఆదివారం. నేను మొహం కడుక్కుని వచ్చేసరికే ఆయన మా వీధి గదిలో నిలబడి ఉన్నాడు. తలస్నానం చేసి, అమ్మవారికని అరటిపళ్ళు పట్టుకొచ్చాడు. నాయనమ్మ కుర్చీ వేయబోతే, "వద్దండీ, దేవుడి దగ్గర కుర్చీ ఏమిటి" అన్నాడు. కింది మెట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కో బొమ్మనీ చూశాడు.

"ఇది ఎవరి బొమ్మమ్మా?"

"ఎవరిదీ కాదండి. ఊరికే పెట్టాను."

"గుడ్డ బాగుంది." రెండు వేళ్ళతో పట్టి చూశాడు. "ఇది నేనే తెచ్చాను, బందర్లో."

బొమ్మని చేతిలోకి తీసుకుని వెలుగు వైపు తిప్పాడు. "గుడివాడ నుంచి పెడన" అని పైకి చదివాడు. పక్కది చదివాడు. దాని పక్కది చదివాడు. తొమ్మిదీ, తేదీలతో సహా, ఒక్కటి వదలకుండా.

"అవి నావండి బాబాయిగారూ. ఇంటరు ట్యుటోరియల్ కోసం నేనే వెళ్ళొచ్చాను."

ఆయన నవ్వాడు. "నువ్వు కిటికీ వదిలి ఎక్కడికి కదిలావమ్మా? మా ఆవిడే చెప్తుంటుంది, ఈ వీధిలో ఈగ వాలినా నీకు తెలుస్తుందని." బొమ్మని తీసిన చోటే, తీసినట్టే నిలబెట్టాడు. "మధ్యలో దించకూడదంటారు కదండీ" అని నాయనమ్మ వైపు తిరిగి అని, దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పళ్ళెం చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ ఇంట్లోంచి అసలు ఏ చప్పుడూ లేదు. కొట్టినా ఇంత భయం వేసేది కాదు.

దశమి వెళ్ళిన మర్నాడు బస్సుకి వెళ్తూ ఆయన నా కిటికీ దగ్గర ఆగాడు. "ఏవమ్మా, నీ చూపు మంచి చూపు. చిన్న సాయం చెయ్యి. పగలు మా ఇంటికి ఎవరొస్తున్నారో, మీ పిన్ని ఎటు వెళ్తోందో సాయంత్రం నాకొక్క మాట చెప్పు చాలు. తాళం వేసుకుపోతే నలుగురూ ఏమనుకుంటారు చెప్పు? నువ్వున్నావుగా."

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి నాయనమ్మ, "దానికేముంది బాబూ, ఎలాగూ కూర్చునే ఉంటుందిగా" అంది. ఆ ముసలిదాని పీక పిసకాలన్నంత కోపం వచ్చింది. కానీ నేను మాత్రం కాదని అన్నానా? అనలేదు.

ఆ రోజు నుంచీ ఆరు దాటగానే ఆయన కిటికీ ముందు ఆగేవాడు. "ఎక్కడికీ వెళ్ళలేదండి" అనేదాన్ని. "మంచిదమ్మా" అని వెళ్ళేవాడు. అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాలేదు, పిన్ని నిజంగానే గడప దాటలేదు. ఒక మంగళవారం పది అయింది, రైలు కూత వినబడింది, వెళ్ళిపోయింది. ఆవిడ తలుపు దగ్గరకి కూడా రాలేదు. ఉండబట్టలేక నేనే వెళ్ళి తలుపు తట్టాను. తెరవలేదు. లోపలి నుంచే, "నువ్వు తీశానన్నావుగా" అంది. తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. ఆ ఒక్క మాటే అని ఊరుకుంది. తిరిగొచ్చి పుస్తకం పొయ్యిలో పెట్టాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

మూడో మంగళవారం. పది కాబోతుండగా ఆవిడ తలుపు తెరుచుకుని నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో సంచి లేదు. ఇంట్లో కట్టుకునే వాయిల్ చీర, కాళ్ళకి చెప్పులు. మెడ దగ్గర పసుపు రాసుకున్నా కమిలింది దాగలేదు. చప్పుడు రాని రోజుల్లో ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది.

"ఇవాళ చూడకు" అంది.

అంతే. రాట్నాన్ని అటు తిప్పి, గోడకేసి మొహం పెట్టుకుని, వీధికి వీపు పెట్టి కూర్చున్నాను. ఎటు చూడాలని ప్రాణం గిలగిల్లాడుతోందో అటు చూడలేదు. స్టేషనుకి ఎడమవైపు తిరగాలి, కాలవగట్టుకి కుడివైపు. చెప్పుల చప్పుడు ఎటు వెళ్ళిందో విందామంటే నాన్న మగ్గం వినపడనివ్వలేదు. దారం పదిసార్లు తెగింది, పదిసార్లు ముడేశాను.

సాయంత్రం ఆయన వచ్చి తలుపు బార్లా తెరిచి ఉండటం చూశాడు. లోపలికి వెళ్ళి చూసొచ్చి, కిటికీ ముందు నిలబడ్డాడు.

"మీ పిన్ని ఎటు వెళ్ళిందమ్మా?"

"నేను చూడలేదండి."

"చూడకపోవడమేంటమ్మా?" మళ్ళీ అడిగాడు. మూడోసారీ అంతే మెత్తగా అడిగాడు. కిటికీ ఊచలు పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. నాన్న మగ్గం ఆపి బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. నాకు గుర్తున్నంతలో ఆ ఇంటి కోసం నాన్న మగ్గం ఆపడం అదే మొదలు. అప్పుడు ఆయన వెళ్ళిపోయాడు.

దివిసీమలో ఆవిడ పుట్టింటికి మనుషులు వెళ్ళి చూశారు. రాలేదన్నారు. లాకుల దాకా కాలవంతా గాలించారు. గెడలు పట్టుకుని వాళ్ళు గట్టు మీద నడుస్తుంటే వీధంతా వెళ్ళి చూసింది, నేను వెళ్ళలేదు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

నెల గడిచాక ఎవరికీ చెప్పకుండా పది గంటల బండెక్కి గుడివాడ వెళ్ళాను. మిషను నేర్పేవాళ్ళ గురించి అడుగుతూ అడుగుతూ నాలుగో చోట ఆవిడ ఆనవాళ్ళు దొరికాయి. ఒక మేడ మీద పొడుగాటి గది, వరసగా మిషన్లు. నేర్పే ఆవిడ మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. పోలికలు చెప్పగానే గుర్తుపట్టింది. సూదులు చేతిలోకి తీసుకుంది.

"దసరా ముందు మంగళవారం వచ్చిందమ్మా, ఆ తర్వాత లేదు. గది కూడా చూపించాం. పాపం, ఎంత సంబరపడిందో. ఆ తర్వాత వాళ్ళాయన రెండుసార్లొచ్చాడు. అదిగో, ఆ మెట్ల దగ్గర బల్ల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో! ఆయన్ని చూశాక నాకు అర్థమైంది, ఇక ఆవిడ ఈ ఛాయలకి రాదని. ఆ మిషను వేరే అమ్మాయికి ఇచ్చేశాం."

ఆవిడకి ఈ లోకంలో వెళ్ళడానికి ఉన్న చోటు అదొక్కటే. అక్కడికి దారి ఆయనకి చూపించింది నేను. ఆ మాట ఆ నేర్పే ఆవిడతో చెప్పలేకపోయాను.

"ఇంతకీ నువ్వేమవుతావమ్మా ఆవిడకి?"

"ఎదురింటి అమ్మాయినండి."

"ఎదురిల్లా! మరి ఆ రోజు ఎటు వెళ్ళిందో నువ్వు చూసే ఉంటావుగా?"

చూడలేదండి అన్నాను. ఆవిడా నమ్మలేదు.